గైర్‌సోప్పా ఓడ నమూనా: చూడ్డానికి బాగుంది, మునగడానికే మొరాయిస్తోంది

తిరుపతిలో స్కూలు ఎగ్జిబిషన్లకు మోడళ్లు చేసిచ్చే ఒక దుకాణం అమ్ముతున్న 63 సెంటీమీటర్ల ఓడ ఇది. 1941 ఫిబ్రవరి 17న జర్మన్ జలాంతర్గామి యూ-101 టార్పెడోకి మునిగిన ఎస్.ఎస్. గైర్‌సోప్పాకు 1:200 నమూనా. కలకత్తాలో టీ, దుక్క ఇనుము, వెండి ఎక్కించుకుని, దారిలో బొగ్గు చాలక కాన్వాయ్‌ని వదిలి ఐర్లాండ్ వైపు తిరిగిన ఓడ అది. 86 మందిలో ఒక్కరే బతికారు.

రంగులు, పొగగొట్టం, క్రేన్లు చక్కగా కుదిరాయి. చిక్కల్లా ముంచి చూపించే దగ్గరే.

గదుల్లో థర్మాకోల్ కుక్కారు, ఇక మునిగేదెలా? అది పీకేసి ఇనప నట్లు వేయండి. 7,000 టన్నుల సరుకును 200 ఘనంతో, అంటే 80 లక్షలతో భాగిస్తే 875 గ్రాములు. నట్లు అడుగునే పరవాలి, పైన పేరిస్తే ఓడ పక్కకి బోర్లాపడుతుంది. కన్నం ఎడమవైపు పెట్టారు. అసలు దెబ్బ కుడివైపు, రెండో సరుకు గదికి. పైగా 10 మిల్లీమీటర్ల కన్నం మరీ చిన్నది, 35 దాకా పెంచాలి. మూతలు గాలి బిగిసేలా ఉన్నాయి, లోపలి గాలి పోక నీరు రాదు. ప్రతి మూతకీ సూదిబెజ్జం చాలదు, పెన్ను పట్టేంత రంధ్రం కావాలి.

అసలు ఓడకి పట్టిన 20 నిమిషాలు ఈ కొలతలో దాదాపు 85 సెకన్లు (కాలాన్ని 200 వర్గమూలంతో, అంటే సుమారు 14తో భాగించాలి). కన్నం సైజుని స్టాప్‌వాచ్ పెట్టి సరిచేసుకోండి.

ఐదుకి మూడు. అడుగు చెక్కకి వార్నిష్ లేదు, నీళ్లలో ఎక్కువసేపు నాననివ్వద్దు.