వీ-వన్, వీ-టూ, వీ-త్రీ పుస్తకం: చాలాకాలం వాడాక నా మాట

కోఠిలో పుస్తకాల దుకాణం ముందు నిలబడి స్పోకెన్ ఇంగ్లిష్ అన్నారంటే చాలు, సన్నటి పుస్తకం ఒకటి చేతిలో పెడతారు. ఇంగ్లిష్ క్రియల రూపాల పట్టిక అది. నాలుగు గళ్లు: వీ-వన్ (మూలరూపం, గో), వీ-టూ (గడిచిన కాలం రూపం, వెంట్), వీ-త్రీ (హావ్ లాంటివాటి తర్వాత వచ్చే రూపం, గాన్), ఐఎన్‌జీ రూపం (గోయింగ్). పక్కన తెలుగు అర్థం, కొన్నిట్లో తెలుగు లిపిలో ఉచ్చారణ. వేసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ సరుకు ఇంచుమించు ఒకటే. నేను 60 రూపాయలకు తీసుకున్నా. తెలుగు మీడియంలో చదివి, డిప్లొమా చేసి, బాలానగర్‌లో షాప్‌ఫ్లోర్ నుంచి హైటెక్ సిటీలో సపోర్ట్ డెస్క్‌కి మారిన రోజుల్లో కొన్నది. అట్ట ఊడిపోయి, టేపు మీద టేపు పడి, ఇప్పటికీ బ్యాగులోనే తిరుగుతోంది. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్తున్నా: కొనండి, కానీ మొదటి పేజీ నుంచి చదవకండి.

అక్షరక్రమమే దీనికి మొదటి శత్రువు. తెరవగానే అబైడ్, అబోడ్, అబోడ్. తర్వాత అరైజ్, దానికి అర్థం 'ఉద్భవించు'. మన ఆఫీసుల్లో ఎవరు ఉద్భవిస్తారండీ? ఎస్ దగ్గరకొస్తే స్లే, స్మైట్ లాంటి యుద్ధకాండ. ఇవన్నీ బట్టీ పట్టి బీ అక్షరం దాటకుండానే వదిలేసినవాళ్లు నాకు బాగా తెలుసు. అసలు ఇంగ్లిష్‌లో అందరికంటే ఎక్కువగా పనిచేసే క్రియలు బీ, హావ్, డూ, సే, మేక్, గో, టేక్, కమ్, సీ, గెట్. ఈ పదింట్లో ఒక్కటి కూడా గడిచిన కాలం కోసం చివర ఈడీ తగిలిస్తే లొంగదు. కారణం ఉంది: రోజూ నోట్లో నానే మాట తన పాత రూపాన్ని వదలదు, అరుదుగా వాడేదాన్ని జనం మర్చిపోయి మామూలు ఈడీలోకి లాగేస్తారు. థ్రైవ్‌కి పాత పుస్తకాల్లో థ్రోవ్ ఉంటుంది, ఇప్పుడు అందరూ థ్రైవ్డ్ అనే అంటున్నారు. కాబట్టి ముందు ఆ పది. తర్వాత జాతులవారీగా ఒక నోట్‌బుక్కులో రాసుకుంటే తేలిక: కట్, పుట్, హిట్, షట్ మూడు గళ్లలోనూ మారవు. సింగ్–శాంగ్–సంగ్, రింగ్–ర్యాంగ్–రంగ్ ఒక వరుస. బాట్, బ్రాట్, థాట్, కాట్, టాట్ ఇంకో వరుస. ఆ పని పుస్తకమే చేసి ఉండాల్సింది.

తెలుగు లిపిలో ఉచ్చారణ ఇవ్వడం కొన్నిచోట్ల వరమే. రీడ్ అనే క్రియకు మూడు గళ్లలో స్పెల్లింగు ఒకటే, పలకడం మాత్రం రీడ్, రెడ్, రెడ్. ఇంగ్లిష్ అక్షరాలు చూస్తే ఇది ఎప్పటికీ తెలియదు. కానీ అదే పుస్తకం వాక్ పక్కన 'వాకెడ్' అనీ, వాష్ పక్కన 'వాషెడ్' అనీ అచ్చేసింది. అవి వాక్ట్, వాష్ట్. కాల్, ఓపెన్‌లకైతే కాల్డ్, ఓపెన్డ్. మూలక్రియ చివర ట్ లేదా డ్ ధ్వని ఉంటేనే ఈడీ విడిగా పలుకుతుంది: వాంటెడ్, నీడెడ్. ఫోన్‌లో కస్టమర్‌తో 'ఐ చెకెడ్' అన్న గొంతు వినగానే ఏ పుస్తకం చదివొచ్చారో చెప్పేయొచ్చు.

ఇక అసలు సంగతి. ఈ పుస్తకం రూపాలు ఇస్తుంది, ఏది ఎప్పుడన్నది ఇవ్వదు. మా రూమ్‌లో ఉండే కరీంనగర్ తమ్ముడు ఇంటర్వ్యూకి తయారవుతూ 'డిడ్ యూ వెంట్' అన్నాడు.

"వెంట్ అంటెనే పోయుడు గదన్నా, డిడ్ పక్కన పెడితె ఏమైతది?"

"డిడ్ వచ్చిందంటే పాస్ట్ వచ్చేసినట్టే తమ్మీ, పక్కదానికి మళ్లీ వద్దు. మొదటి గడిలోది పెట్టు."

ఈ ఒక్క ముక్క పుస్తకంలో ఏ మూలా లేదు. అలాగే మూడో గడి ఒంటరిగా నిలబడదని, ముందు హావో బీయో ఉండాలని కూడా లేదు. 'ఐ సీన్ ది మెయిల్' ఇలాగే పుడుతుంది. ఇక 'ఐ హావ్ సెంట్ ది ఫైల్ ఎస్టర్డే' అని రాసే సీనియర్లు కూడా ఉన్నారు. నిన్న పంపాను, ఇప్పుడే పంపాను అని మనకు రెండింటికీ ఒకటే క్రియారూపం. అక్కడ మాత్రం నిన్న, పోయినవారం, 2019లో అని గడిచిన కాలం పేరు చెప్పారంటే రెండో గడిలోంచి 'సెంట్' ఒక్కటే తీయాలి. టైమ్ చెప్పకపోతే హావ్ సెంట్ చక్కగా సరిపోతుంది.

బీ అనే క్రియకు చేసిన అన్యాయం ఇంకా పెద్దది. ఎనిమిది రూపాలున్న క్రియ అది: బీ, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్, బీయింగ్. పుస్తకంలో ఒక్క వరుస పడేసి ముందుకు పోయారు. మనకు దీనితోనే చిక్కు. మెట్రోలో వినండి, తెలుగులో 'తదుపరి స్టేషన్ అమీర్‌పేట' అంటారు, క్రియే లేదు, వాక్యం మాత్రం నిండుగా ఉంది. ఇంగ్లిష్‌లో మధ్యలో ఈజ్ లేనిదే కుదరదు. ఈ సంగతి ఎవరూ చెప్పక కొందరు ఈజ్ మింగేస్తారు, ఇంకొందరు భయపడి అన్నిట్లో దూర్చి 'హీ ఈజ్ కమ్ డైలీ' అంటారు.

నాలుగో గడి అన్నిటికంటే ప్రమాదం. నోయింగ్, హావింగ్, వాంటింగ్ అని అన్నిటికీ సమానంగా అచ్చేస్తే 'ఐ యామ్ నోయింగ్ తెలుగు' అనక ఏమంటారు? తెలిసి ఉండటం, కావాలనుకోవడం, నమ్మడం ఒక స్థితి. నడుస్తున్న పని కాదు కాబట్టి మామూలుగా అక్కడ ఐఎన్‌జీ పెట్టరు. హావ్‌తో చిన్న మెలిక ఉంది: 'హావింగ్ లంచ్' తప్పు కాదు, అక్కడ తినడం జరుగుతోంది. 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' మాత్రం తప్పే. ఒక్క చుక్క గుర్తు పెట్టి కింద రెండు లైన్లు రాస్తే తీరిపోయేది.

ఇంగ్లిష్ టీచర్ల కోసం 1958లోనే ప్రత్యేకంగా ఒక సంస్థ వెలిసిన ఊరు ఇది, ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) అదే. ఆ ఊళ్లోనే ఇలాంటి పుస్తకాలు ఇంకా ఇలాగే అచ్చవుతుంటాయి, అది వేరే గోల.

నేను ఇప్పుడు దీన్ని తెరిచేది లై, లే దగ్గర తడబడినప్పుడే. లై–లే–లెయిన్ అంటే పడుకోవడం, లే–లెయిడ్–లెయిడ్ అంటే ఒక వస్తువును పెట్టడం. ఒకదాని రెండో గడి ఇంకోదాని మొదటి గడి, ఎంత వాడినా తికమకే. అలాంటివాటికి ఈ గళ్లను మించింది లేదు, ఫోన్‌లో వెతకడం కంటే త్వరగా దొరుకుతుంది. టెన్సులు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టేవాళ్లు మాత్రం దీనితోపాటు వాక్యాలు రాయించే పుస్తకం ఇంకోటి తీసుకోండి. దుకాణంలో డబ్బులిచ్చే ముందు డబ్ల్యూ పేజీ తీసి వాక్ వరుస చూడండి. 'వాకెడ్' అని కనిపిస్తే ఆ కాపీ తిరిగిచ్చి, పక్క కట్టలోది అడగండి.