కారు ముందు చక్రాల బ్రేక్ డిస్కులు మారుస్తున్నారా? లోపలి రెక్కలు చూడకుండా డబ్బులివ్వకండి

తిరుమల ఘాట్ రోడ్డులో సొంత బండి తిప్పేవాళ్ళు ఇది చదవండి.

పోయిన నెల తిరుపతిలో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో నా కారుకు ముందు బ్రేక్ డిస్కులు కొన్నాను, జత 4,200. ఒక్కో డిస్కు రెండు ఇనుప పలకలు, పైన రంధ్రాలు, పలకల మధ్య సందులో వంపు రెక్కలు. "కంపెనీ వాటికంటే చల్లగా ఉంటాయి సార్, రేసు కార్ల మోడల్" అన్నాడు. నమ్మేశాను.

అమ్మకు దర్శనం చేయించి దిగుతున్నాం. ఏడో మైలు దాటాక బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకు, కాలి కింద పెడల్ దడదడ. వెనక సీట్లో అమ్మ గోవింద నామాలు. సెకండ్ గేర్లో పాకించుకుంటూ అలిపిరి చేరాను. దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదన్న రూలుంది కదా, నాకు అంతకంటే ఎక్కువే పట్టింది. స్పీడు మీదికి నెట్టడానికి లేదు.

మెకానిక్ చక్రం విప్పితే డిస్కు చుట్టూ రూపాయి బిళ్ళంత నీలి మచ్చలు. ఒక రంధ్రం పక్కన వెంట్రుకంత చీలిక. రెండు పలకల మధ్య సందులోకి ఫోన్ టార్చ్ వేసి చూపించాడు: పోత పోసినప్పటి ఇసుక గడ్డకట్టి ఉంది, పలక ఒకచోట మందం, ఇంకోచోట పలచన. పలచనగా ఉన్నచోట ఇనుము త్వరగా వేడెక్కి ఉబ్బుతుంది. ఉబ్బినచోటే డిస్కును పట్టి ఆపే బ్రేక్ ప్యాడ్ ఇంకా గట్టిగా రాసుకుంటుంది, అక్కడే ఇంకా కాలుతుంది. నీలి మచ్చ అంటే అదే.

అసలు మోసం ఇంకోటి. డిస్కు తిరుగుతుంటే ఆ రెక్కలు మధ్యలోంచి గాలి లాగి అంచునుంచి బయటికి నెట్టాలి. వంపు రెక్కలైతే ఎడమది వేరు, కుడిది వేరు ఉండాలి, బండి ముందుకెళ్ళేటప్పుడు వంపు వెనక్కి వాలాలి. నాకిచ్చినవి రెండూ ఒకే వైపువి! ఒక చక్రానికి గాలి సరిగా ఆడనే లేదు. నేరుగా ఉండే రెక్కలకు ఈ గొడవ లేదు, మామూలు వాడకానికి అవే చాలు. రంధ్రాల సోకు మనకెందుకు?

కొనేముందు రెండు డిస్కులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎంత అరిగేదాకా వాడొచ్చో చెప్పే కనీస మందం అంకె డిస్కు పోతలో ఉందో లేదో వెతకండి. బిల్లు అడగండి, నేను అడగలేదు.

షాపుకెళ్తే "మీరే బ్రేకు ఎక్కువ తొక్కారు" అన్నాడు. చాలాసేపు గొడవపడితే సగం ధరకు వెనక్కి తీసుకున్నాడు. నేను బండి స్టార్ట్ చేసేలోపే లోపల కుర్రాడు ఆ నీలి మచ్చలకు ఉప్పుకాగితం పట్టిస్తున్నాడు.