అమ్మ కోసం వచ్చిన బ్రదర్: ఒక హోమ్ నర్సింగ్ సంస్థ సేవలపై నా అభిప్రాయం

అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడి కుడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక, విజయవాడలోని ఒక హోమ్ నర్సింగ్ సంస్థ నుంచి 21 రోజులు 12 గంటల షిఫ్టుకు నర్సును పెట్టుకున్నాము. మనిషి వేళకు రావడంలోనూ, ముందు చెప్పిన రేటుకే కట్టుబడి ఉండడంలోనూ ఆ సంస్థకు వంక పెట్టను. ఎనిమిదో రోజున వాళ్లు పంపిన నర్సు గురించి, అతని పట్ల ఆ సంస్థ నడుచుకున్న తీరు గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రోజూ వచ్చే సిస్టర్‌కు జ్వరం తగలడంతో ఆ ఉదయం ఒక బ్రదర్, అంటే మగ నర్సు, వచ్చాడు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదివి, ఆర్థోపెడిక్ వార్డులో మూడేళ్లు పనిచేసినవాడు. సంస్థవారు మాత్రం ఫోన్లో, "రెండు మూడు రోజులు సర్దుకోండి మేడమ్, లేపి కూర్చోబెట్టడానికి మగమనిషి బలంగా ఉంటాడు" అన్నారు. అమ్మ గోడవైపు ముఖం తిప్పుకుంది. నేనూ అతన్ని లోపలికి రమ్మనడానికి తటపటాయించాను. అమ్మకు ఆపరేషన్ చేసింది మగ డాక్టరు, ఆసుపత్రిలో అడుగులు వేయించింది మగ ఫిజియోథెరపిస్టు. వాళ్ల దగ్గర మాకు రాని సంకోచం నర్సు దగ్గరే వచ్చింది.

అతను మంచం దగ్గరికి వెళ్లే ముందు నన్ను పిలిచి, "అక్కా, మీరు ఇక్కడే ఉండండి" అన్నాడు. తర్వాత అమ్మతో, "అమ్మగారూ, మిమ్మల్ని పక్కకు తిప్పి నడుము కింద చర్మం చూడాలి, మీరు సరేనంటేనే చూస్తాను" అని చెప్పి, ఆవిడ తల ఊపేదాకా ఆగాడు. ఆపరేషన్ అయిన కాలు రెండో కాలి మీదికి దాటిపోకుండా మోకాళ్ల మధ్య లావుపాటి దిండు పెట్టి, ఒళ్లంతా దుప్పటి కప్పే ఉంచి, చూడవలసినంత మేరకే తొలగించాడు. వెన్ను చివర రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ కనబడింది. గ్లవ్ తొడిగిన వేలితో దాన్ని నొక్కి వదిలి, తెల్లబడి మళ్లీ ఎర్రబడడం నాకు చూపించాడు. అలా తెల్లబడకపోతే పడక పుండు మొదలైనట్టేనని చెప్పి, రెండు గంటలకొకసారి పక్క మార్చవలసిన వేళలు కాగితం మీద రాసి గోడకు అంటించాడు. ఆ మచ్చ మూడో రోజుకు పోయింది. ఇందులో కండబలంతో పనేముందో నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు అతను చెప్పిన మాటలు నన్ను కలచివేశాయి. ఊళ్లో అందరూ "కాంపౌండరా?" అని అడుగుతారట. పెళ్లి సంబంధాల దగ్గర ఇంట్లోవాళ్లు నర్సు అనే మాట రానివ్వకుండా "ఆసుపత్రిలో ఉద్యోగం" అని సరిపెడతారట. ప్రభుత్వ ఉద్యోగానికి చదువుదామంటే, 2019 నాటి నిర్ణయంతో ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు అంటూ నోటిఫికేషన్లు వచ్చాయి. మిలిటరీ నర్సింగ్ సర్వీసునైతే 1943 నాటి ఆర్డినెన్సే మహిళలకు పరిమితం చేసింది. ఆడ రోగుల సౌకర్యం కోసం మహిళా నర్సులు ఎక్కువమంది కావాలన్న వాదనను నేను కొట్టిపారేయను. కానీ మగ రోగులకు పక్క మార్చి, ఒళ్లు తుడిచి, మూత్రపు గొట్టం (కేథటర్) చూసే సిస్టర్లను ఏ ఇంట్లోనూ గుమ్మంలో నిలబెట్టి ప్రశ్నించరు.

పదో రోజున, మిగతా రోజులకూ అతన్నే పంపమని అమ్మ స్వయంగా ఫోన్లో అడిగింది. ఆడ పేషెంట్లకు బ్రదర్లను ఇవ్వడం తమ పద్ధతి కాదనీ, బరువున్న మగ పేషెంట్లకూ గొడవ చేసే పేషెంట్లకూ మాత్రమే వాళ్లను పంపుతామనీ జవాబిచ్చారు. రోగి ఇష్టాన్ని కాపాడడానికని చెప్పుకునే పద్ధతి, రోగే నోరు తెరిచి అడిగినప్పుడు ఆమె మాట వినలేదు. ఆపైన బిల్లులో సిస్టర్ పేరు ఎదురుగా "స్టాఫ్ నర్సు" అని, అతని పేరు ఎదురుగా "మేల్ అటెండర్" అని రాశారు. డబ్బు మాత్రం ఇద్దరికీ ఒకే రేటున తీసుకున్నారు.

పని నాణ్యతకు ఈ సంస్థకు అయిదులో నాలుగు మార్కులు ఇస్తాను, తన నర్సును గౌరవించడంలో ఒక్కటే ఇవ్వగలను. వీళ్ల సేవలు తీసుకునేవారు వచ్చే మనిషి ఆడా మగా అని అడిగే ముందు, ఏం చదివారో, ఏ వార్డులో ఎన్నేళ్లు చేశారో అడగండి. "సిస్టరైనా బ్రదరైనా సమ్మతమే" అని రోగి టిక్కు పెట్టే గడి ఒకటి బుకింగ్ ఫారంలో ఉంచమని సంస్థకు రాశాను. రెండు మెయిళ్ల తర్వాత బిల్లు సరిచేసి పంపారు, ఫారం మాత్రం ఇంకా పాతదే ఉంది.