ముడుమాల్ నిలువురాళ్లకు మిట్టమధ్యాహ్నం తీసుకెళ్లే ప్యాకేజీలకో దండం

హైదరాబాద్ నుంచి ఒక్కరోజులో మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి చెట్టు, ముడుమాల్ నిలువురాళ్లు, అలంపూర్ గుళ్లు మూడూ చూపిస్తామని తలకు 2,200 రూపాయలు వసూలు చేసే టెంపో ట్రావెలర్ ట్రిప్పు ఇది. గైడు ఖర్చు అందులోనే, భోజనం వేరే. ముడుమాల్‌లో దక్కింది 25 నిమిషాలు, అదీ ఒంటిగంట ఎండలో. దారిలో దాబా దగ్గర మాత్రం గంటంబావు ఆపారు. పెద్దవాళ్లలో సగం మంది బండి దిగనేలేదు, ఏసీ బంద్ చేయొద్దని డ్రైవర్‌తో పంచాయితీ. దిగినవాళ్లకైనా ఏం కనబడింది? చేలల్లో రాళ్లు.

తప్పు రాళ్లది కాదు, టైముది. నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో, కృష్ణా నది ఒడ్డున ఉన్న ఈ చోట దాదాపు 80 పెద్ద నిలువురాళ్లు ఉన్నాయి. ఒక్కొక్కటి 10 నుంచి 14 అడుగుల ఎత్తు. వాటి చుట్టూ చిన్నరాళ్లు వేలల్లో. మూడున్నర వేల ఏళ్ల కిందటివని అంచనా. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాక టూరు బండ్లవాళ్లకూ ఊరి పేరు తెలిసింది. పెద్దరాళ్ల వరుసల మధ్య ఎడం 20, 25 అడుగులు. కొన్ని వరుసలు విషువత్తులప్పుడూ (పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు) అయనాంతాలప్పుడూ (పగలు అన్నిటికన్నా పొడవైన, పొట్టి రోజులు) సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు సరిపోతాయని హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కె.పి. రావు ఏళ్ల తరబడి పరిశీలించి చెప్పారు. అంటే ఇక్కడ చూడాల్సింది రాయిని, దాంతోపాటు నీడను. మార్చి నెలాఖరులో పొద్దు పొడిచిన గంటన్నరకు 12 అడుగుల రాయి నీడ 30 అడుగుల దాకా సాగుతుంది, పక్క వరుసను దాటిపోతుంది. వరుసలు ఎటు పోతున్నాయో అప్పుడు చెప్పేవాడు లేకున్నా తెలుస్తుంది. అదే మే, ఆగస్టు మొదటి వారాల్లో మధ్యాహ్నం పూట సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, రాతికి నీడే ఉండదు. అప్పుడు తీసుకెళ్లి చూపించేదేముంది?

గుంటల రాయి సంగతీ అంతే. సప్తర్షి మండలం ఆకారంలో చిన్న చిన్న గుంటలు తొలిచిన రాయి ఇక్కడి అపురూపం. ఏటవాలు ఎండ పడితే ఒక్కో గుంటలో ఒక పక్క చీకటి, ఒక పక్క వెలుగు, ఏడూ లెక్కపెట్టొచ్చు. ఎండ పైనుంచి పడితే రాయి చదునుగా, మచ్చలు పట్టినట్టు కనబడుతుంది. ఫోటోలో అదీ పడదు. గుంటలు బాగా కనబడాలని సుద్దముక్కతో దిద్దే గైడ్లుంటారు, వద్దని గట్టిగా చెప్పండి.

గైడుకు పనితనం ఉందో లేదో తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. ఒకటి, ఈ వరుసలోంచి సూర్యోదయం ఎప్పుడు కనబడుతుంది? "రోజూ" అన్నాడంటే వదిలేయండి. ఈ అక్షాంశం దగ్గర జూన్ 21న సూర్యుడు నేరు తూర్పుకు 24 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబర్ 21న అంతే దక్షిణంగా ఉదయిస్తాడు. ఒక వరుసకు కుదిరే రోజులు ఏడాదిలో కొన్నే. రెండోది, ఆ గుంటల రాయితో ధ్రువ నక్షత్రాన్ని ఎలా పట్టేవాళ్లు? సప్తర్షుల్లో క్రతువు, పులహుడు అనే రెండు చుక్కలను కలిపి గీత పొడిగిస్తే ధ్రువ నక్షత్రం తగులుతుంది, నిజమే. కానీ భూమి అక్షం మెల్లగా తిరుగుతుంటుంది కాబట్టి మూడున్నర వేల ఏళ్ల కింద ఆకాశపు ఉత్తర ధ్రువం ఇప్పటి ధ్రువ నక్షత్రానికి చాలా దూరంలో ఉండేది. "ఈ రాయి చూసే ధ్రువుణ్ని పట్టేవాళ్లు" అని ధీమాగా చెప్పే గైడు ఎక్కడో విన్నది అప్పజెబుతున్నట్టే.

కాబట్టి ముడుమాల్‌కు పొద్దున్నే చేరాలి, లేదా సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లాలి. రాత్రి మహబూబ్‌నగర్‌లో ఉండి, చీకటితోనే బయల్దేరి దేవరకద్ర, మక్తల్ మీదుగా వెళ్లడం అన్నిటికన్నా మేలు. కాచిగూడ-రాయచూర్ రైలు కృష్ణా స్టేషన్‌లో ఆగుతుంది గానీ దాని టైము మీ టైముతో కలుస్తుందో లేదో ముందే చూసుకోండి. రాళ్ల దగ్గర చెట్టు నీడ ఆశించొద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, మడమ కప్పే బూట్లు కావాలి. వాన పడ్డ మర్నాడు మాత్రం మానుకోండి, చేలగట్ల మీద కాలు దిగబడుతుంది. ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలిచే రాయి ఉంది, దానికి ఆనుకుని ఫోటోలు దిగొద్దు. తినడం మక్తల్‌లోనే కానిచ్చేయండి. జొన్నరొట్టె, పుంటికూర దొరికితే దాబా బిర్యానీ జోలికి పోనక్కర్లేదు.

పిల్లలమర్రి ఎండలోనూ బాగుంటుంది, అందుకే మధ్యాహ్నాన్ని దానికి వదలాలి. మూడెకరాల మర్రి, మొదటి మాను ఏదో గుర్తుపట్టలేం. 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగిపడితే కొన్నేళ్లపాటు సందర్శకులను ఆపేశారు. చెదలు కొమ్మల్ని లోపల డొల్ల చేశాయి. సెలైన్ బాటిళ్లలో క్లోరిపైరిఫాస్ మందు పలచగా కలిపి, మానుకు సూదులు గుచ్చి చుక్కచుక్కగా ఎక్కించారు. బరువు కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు, ఊడలు నేలదాకా దిగేందుకు గొట్టాలు పెట్టారు. ఊడలు పట్టుకుని ఊగే రోజులు పోయాయి, పిల్లలు అలుగుతారు, ముందే చెప్పి తీసుకెళ్లండి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి తరలించి కట్టిన గుడి, మ్యూజియం పక్కనే ఉన్నాయి. అన్నిటికీ గంటన్నర చాలు.

ఇక అలంపూర్‌ను ఈ రెంటితో కలపడం శుద్ధ దండగ. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాల్లో తారకబ్రహ్మది ఒక్కటే అంతస్తులుగా లేచే దక్షిణాది ద్రావిడ శిఖరం, మిగతావన్నీ వంపు తిరిగి పైకెళ్లే ఉత్తరాది రేఖా శిఖరాలు. ఆ తేడా నిలబడి చూడాలంటేనే పూట పడుతుంది. మూడూ చుట్టి హైదరాబాద్ తిరిగొచ్చేసరికి 500 కిలోమీటర్లు దాటుతుంది. అలంపూర్‌ను కర్నూలు వైపు వెళ్లే రోజుకు ఉంచుకోండి. ముడుమాల్, పిల్లలమర్రి మాత్రమే అయితే రానూపోనూ 360 దాకా వస్తుంది. నలుగురు ప్యాకేజీకి పెట్టే 8,800తో సొంతంగా కారు మాట్లాడుకోవచ్చు. ప్యాకేజీలోనే వెళ్లక తప్పదంటే అడ్వాన్సు ఇవ్వకముందే ముడుమాల్ చేరే టైము, అక్కడ ఆగే నిమిషాలు వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాటగా "చూపిస్తాం సార్" అంటే ఒప్పుకోవద్దు.