విలన్‌గా డెస్డిమోనా: నాటక సమీక్ష

షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’లో, అనుమానంతో భర్త ఒథెల్లో చంపేసే అమాయకురాలు డెస్డిమోనాను ఈ ప్రదర్శనలో కుట్రదారును చేశారు. ఆధారాలన్నీ మూలంలోంచే ఏరుకోవడం మెచ్చుకోవాల్సిన పని. మొదటి అంకంలో తండ్రి బ్రబాన్షియో ‘నన్ను మోసం చేసింది, నిన్నూ చేస్తుందేమో’ అని అల్లుణ్ణి హెచ్చరిస్తాడు కదా, సరిగ్గా అక్కడ ఆమె పెదవి కొసన నవ్వు మెరుస్తుంది.

రుమాలు ఘట్టం కోసమైనా చూడాలి. మూలంలో ఒథెల్లో తలనొప్పి అంటే ఆమె రుమాలు కట్టబోతుంది, చిన్నదంటూ అతను తోసేస్తాడు, అది కింద పడుతుంది. విలన్ ఇయాగో దాన్నే ఆమె తప్పుకు రుజువుగా వాడుకుంటాడు. ఇక్కడ ఆమె తన చెలికత్తె, ఇయాగో భార్య ఎమీలియా వైపు ఓ చూపు చూసి, వేళ్లు సడలించి వదిలేస్తుంది. ఒక్క మాటా కలపకుండానే కథ తిరగబడింది.

నష్టపోయింది ఇయాగో. ఆమెకు అన్నీ ముందే తెలిస్తే అతని పన్నాగాలకు పనేముంది? రెండో సగమంతా అతను ఊరికే నిలబడ్డాడు.

నాలుగో అంకంలో డెస్డిమోనా పాడే విషాద గీతం, విల్లో పాటను ఉంచడం పెద్ద పొరపాటు. అది వినగానే జాలి పుడుతుంది, అప్పటిదాకా కట్టిన విలనీ కూలుతుంది. నాటకం తొలి ముద్రణల్లో, 1623 ఫోలియోలో ఉన్న ఆ పాట 1622 క్వార్టోలో లేదు, కాబట్టి నిక్షేపంగా తీసేయొచ్చు. ఎవరు చేశారిదని అడిగితే డెస్డిమోనా చనిపోతూ ‘ఎవరూ కాదు, నేనే’ అని భర్తను ఎందుకు కాపాడిందో మాత్రం తేల్చలేదు.