కొండలు చూద్దామని వెళ్లి పార్కింగ్ వెతికాం

2023 జూన్‌లో ఒక శనివారం, పొద్దున్నే ఫ్రీమాంట్ నుంచి కాలిఫోర్నియాలోనే ఉన్న యోసెమిటీ నేషనల్ పార్కుకి బయల్దేరాం. మామూలుగా నాలుగు గంటల దారి. వెనక సీట్లో గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్న, వాళ్ల మధ్య మా వాడు, డిక్కీలో పులిహోర గిన్నె. బిగ్ ఓక్ ఫ్లాట్ గేటు ఇంకా చాలా దూరం ఉండగానే కార్ల వరుస మొదలైంది. “టోల్ గేటా?” అన్నారు నాన్న. పార్కు గేటే. దాన్ని దాటడానికి గంటంబావు పట్టింది.

అసలు కథ లోయలోకి దిగాకే. అక్కడ రోడ్డు చాలాచోట్ల వన్‌వే. సౌత్‌సైడ్ డ్రైవ్ మీద లోపలికి వెళ్లాలి, నార్త్‌సైడ్ డ్రైవ్ మీద బయటికి రావాలి. పార్కింగ్ ఒకటి దాటిపోయిందంటే మళ్లీ చుట్టు తిరగాల్సిందే. ఆ రోజు ఎల్ కాపిటన్ అనే పెద్ద రాతికొండని మూడుసార్లు చూశాం, మూడుసార్లూ కారు అద్దంలోంచే. చివరికి మధ్యాహ్నం రెండు దాటాక ఎవరో కారు తీస్తుంటే, మా ఆవిడ దిగి వెళ్లి ఆ ఖాళీలో నిలబడింది. పద్ధతి కాదని తెలుసు. మేమూ చేశాం. పులిహోర అక్కడే, పార్కింగ్ పక్కన చెట్టు కింద తిన్నాం.

పార్కు చిన్నదేం కాదు, దాదాపు 1,200 చదరపు మైళ్లు. కానీ వచ్చినవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది 7 మైళ్ల పొడవు, మైలు వెడల్పు ఉండే ఆ ఒక్క లోయలోకే. 2016లో సందర్శకుల లెక్క 50 లక్షలు దాటింది. 2020 నుంచి మూడు వేసవులు ముందస్తు రిజర్వేషన్ పెట్టి, 2023లో తీసేశారు. ఆ ఏడు చలికాలంలో మంచు విపరీతంగా పడింది కాబట్టి జలపాతాలు హోరెత్తిపోతున్నాయి. గేట్లు తెరిచారు, నీళ్లు బాగున్నాయి, ఇక కాలిఫోర్నియా అంతా అక్కడే ఉంది. మాతో కలిపి.

యుటా రాష్ట్రంలోని జయాన్ నేషనల్ పార్కుకి వెళ్లొచ్చాక, అసలు చిక్కు కార్లతోనేనని ఇంకా బాగా అర్థమైంది. 2024 ఏప్రిల్‌లో లాస్ వెగాస్ వెళ్లి, అక్కణ్ణుంచి రెండున్నర గంటలు డ్రైవ్ చేశాం. షటిల్ తిరిగే సీజన్‌లో జయాన్ లోయ రోడ్డు మీదికి సొంత కార్లను రానివ్వరు. 2000 నుంచీ అదే పద్ధతి. విజిటర్ సెంటర్ దగ్గర ఉచిత బస్సెక్కితే చిట్టచివరి తొమ్మిదో స్టాప్ దాకా తీసుకెళ్తుంది. బస్సు కోసం లైన్లో నిలబడక తప్పదు. కానీ ఎక్కాక బస్సుకి అడ్డం ఏమీ ఉండదు. దిగి రివర్‌సైడ్ వాక్ మీద నడుస్తుంటే నది చప్పుడు వినిపించింది, హారన్ కాదు. జేబుకి దెబ్బ పక్కనున్న స్ప్రింగ్‌డేల్ ఊళ్లో. బస ఖరీదు, పార్కింగ్‌కీ డబ్బులే. అయినా కార్లను ఊళ్లోనే ఆపేయడం నాకు నచ్చింది.

2025 జులైలో అమ్మానాన్న మళ్లీ వచ్చారు. యోసెమిటీలో రిజర్వేషన్ కూడా మళ్లీ వచ్చింది. జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు, పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2 లోపు కారుతో వెళ్లాలంటే ఆ ఏడు ముందే స్లాట్ ఉండాల్సి వచ్చింది. అప్పట్లో రిజర్వేషన్‌కి 2 డాలర్లు, కారు ప్రవేశానికి మామూలు 35 డాలర్లు విడిగా. కొన్ని స్లాట్లు వారం ముందు ఉదయం 8 గంటలకు వదిలేవారు. ల్యాప్‌టాప్ ముందు మా టెన్షన్ చూసి అమ్మ, “ఓహో, మన తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్టు లాంటిదన్నమాట” అంది. సరిగ్గా అంతే. మాకు దొరకలేదు.

అప్పుడు మా ఆవిడ యార్ట్స్ బస్సు సంగతి చెప్పింది. పార్కు బయటి ఊళ్ల నుంచి లోయలోకి వెళ్లే బస్సు అది. అప్పుడు టికెట్లోనే ప్రవేశ రుసుము కలిసి ఉండేది, రిజర్వేషన్ అక్కర్లేకపోయింది. పార్కు బయట మారిపోసా అనే ఊళ్లో రాత్రి ఉండి పొద్దున్నే ఎక్కుదామనుకున్నాం. మేం దిగిన మోటెల్ పేరు చెప్పను. ఏసీ రాత్రంతా రైస్ మిల్లులా మోగింది. టిఫిన్ ఉంటుందని రాసి ఉంది కానీ, ఆరున్నరకి వెళ్తే కాఫీ కూడా పెట్టలేదు. పార్కులో కర్రీ విలేజ్ గుడారాలు దొరికితే అవే మేలు. గోడలు కాన్వాస్, బాత్రూములు అందరికీ కలిపి, తినేవన్నీ ఎలుగుబంట్ల భయానికి ఇనప పెట్టెలో పెట్టాలి (ఆవకాయ సీసా కూడా). కానీ పొద్దున లేచేసరికి లోయలోనే ఉంటాం. పార్కులో బస బుక్ చేసుకున్నవాళ్లకి ఆ ఏడు వేరే రిజర్వేషన్ అక్కర్లేకపోయింది.

బస్సు మెర్సెడ్ నది ఒడ్డునే వెళ్తుంది. నాన్న ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుని, ఆర్చ్ రాక్ గేటు దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. కిందటిసారి ఇదే మనిషి, “ఒరేయ్, ఎడం పక్క ఖాళీ ఉంది చూడు!” అంటూ పార్కింగ్ కాపలా కాశారు. నాకూ నది కనిపించింది, చేతిలో స్టీరింగ్ లేదు కదా. లోపల ఉచిత షటిల్ ఎక్కి దిగుతూ తిరిగాం. రద్దీ వేళ అదీ కొన్నిచోట్ల కార్ల మధ్యే పాకుతుంది. జయాన్‌కి, దీనికి తేడా అదే.

బస్సుతో నష్టాలూ ఉన్నాయి. 140 నంబర్ హైవే మీద వచ్చేది, లోయంతా ఒక్కచోటి నుంచి కనిపించే టన్నెల్ వ్యూ వైపు వెళ్లదు, మొదటిసారి వెళ్లేవాళ్లకి అది పెద్ద లోటే. పార్కులోనే ఉన్న మారిపోసా గ్రోవ్ అనే తోపులోని మహావృక్షాల దగ్గరికీ ఆ బస్సులో పోలేం. కారున్నవాళ్లు అక్కడికి తప్పక వెళ్లాలి. చెట్ల మధ్య ఒకప్పుడు ఉన్న పార్కింగ్ పీకేసి, 2018 నుంచి సౌత్ గేటు దగ్గరే కార్లు ఆపించి షటిల్లో పంపుతున్నారు. ఇక తిరుగు బస్సులు తక్కువ. చివరిది తప్పిందంటే అంతే, అందుకని మేం అరగంట ముందే స్టాపులో కూర్చున్నాం.

జనం తగ్గాక, స్కూళ్లు తెరిచాక సెప్టెంబరులో వెళ్దామా అని అడిగితే నాన్న ఒప్పుకోలేదు. యోసెమిటీ జలపాతం 2,425 అడుగులది. మొన్న జులైలో వెళ్లేటప్పటికే సన్నగా దారంలా ఉంది, సెప్టెంబరుకి చాలా ఏళ్లలో రాయే మిగులుతుంది. “ఎండిన బండ చూడ్డానికి నాలుగు గంటలు ఎందుకురా, మన కోటప్పకొండకి పోతే చాలు” అన్నారు. ఇక మిగిలింది మే నెలలో మామూలు పనిదినం. మా వాడి స్కూలుకి సెలవు చీటీ రాయాలి.