ఇమిగ్రేషన్ పెరోల్‌కు కళ్లెం: మూడు దారుల్లో ఏది మేలు?

వీసా లేని మనిషిని అమెరికా తాత్కాలికంగా లోపలికి రానిచ్చే అనుమతే ఇమిగ్రేషన్ పెరోల్. ఇలా వచ్చినవాళ్లు దేశంలో తిరుగుతున్నా, చట్టం లెక్కలో ఇంకా గడప అవతలే ఉన్నట్టు. 2024 ఫిబ్రవరిలో జార్జియాలో లేకెన్ రైలీ అనే నర్సింగ్ విద్యార్థిని హత్యకు గురైంది. హంతకుడు 2022లో సరిహద్దు దాటి పట్టుబడి, పెరోల్ మీద విడుదలైనవాడు. అప్పటి నుంచి ప్రజల భద్రత కోసం పెరోల్‌ను బిగించాలన్న వాదన ఊపందుకుంది. బిగించడానికి అందరూ ఒకే పద్ధతి చెప్పడం లేదు.

మొదటిది, ఉన్న చట్టాన్నే నడపడం. 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలో 212(డి)(5) సెక్షన్, 1996 సవరణ తర్వాత, ఒక్కో కేసును విడిగా చూడమంటుంది. అత్యవసర మానవతా కారణమో, దేశానికి గణనీయమైన ప్రయోజనమో ఉండాలి. నిర్బంధంలో ఉన్నవాళ్లను వదలాలంటే, భద్రతకు ముప్పు కాకూడదనీ పారిపోయే అవకాశం ఉండకూడదనీ నిబంధనల్లో ముందే ఉంది. అయితే వేలిముద్రలు సరిచూసేది అమెరికా చేతిలో ఉన్న రికార్డులతోనే. సొంత దేశం పోలీసులు వివరాలు పంచుకోకపోతే అక్కడి నేరం ఇక్కడ కనపడదు. అసలు కన్నం ఇక్కడుంది.

ఇంకో ఇబ్బంది, అంతా ప్రభుత్వం చేతిలో ఉండటం. క్యూబా, హైతీ, నికరాగువా, వెనెజులా వాళ్లకు 2023లో నెలకు 30,000 మంది వరకు దారి తెరిచారు. 2025 మార్చి 25న ఒక్క నోటీసుతో దాన్ని మూసి, సుమారు 5.3 లక్షల మందికి సంబంధించిన పథకానికి 30 రోజుల గడువు పెట్టారు. మే 30న సుప్రీంకోర్టు కూడా అడ్డుచెప్పలేదు.

రెండోది, పెరోల్ ఇవ్వదగ్గ కారణాల జాబితాను కాంగ్రెసే (అమెరికా చట్టసభే) రాసి తలుపు మూసేయడం. 2023 మే 11న ప్రతినిధుల సభలో 219–213 ఓట్లతో గట్టెక్కి సెనేట్‌లో ఆగిపోయిన హెచ్.ఆర్.2 బిల్లు దారి ఇదే. ప్రాణాపాయ వైద్యం, అవయవ దానం, చావుబతుకుల్లో ఉన్న దగ్గరి బంధువు, అంత్యక్రియలు, పోలీసు కేసులకు సహకారం లాంటి కొన్నిటికే పెరోల్. దేశం పేరు చెప్పి గుంపుగా ఇవ్వడం కుదరదు. ఇందులో స్పష్టత ఉంది, అది చిన్న విషయం కాదు. కానీ 1956లో హంగరీ వాళ్లు, 2021లో అఫ్గాన్లు వచ్చింది పెరోల్ మీదే. ఇలాంటి జాబితాలో వాళ్లకు చోటు దొరకదు. పైగా జాబితా అడిగేది ఎందుకు వస్తున్నావని. ఇంతకుముందు ఏం చేశావని కాదు. అంత్యక్రియలకు వచ్చేవాడి వేలిముద్రలు కూడా ఆ పాత రికార్డుల్లోనే వెతకాలి. భద్రత కోసమే అయితే ఈ మందు వేరే రోగానికి.

మూడోది 2025 జనవరి 29న చట్టమైన లేకెన్ రైలీ యాక్ట్. సరైన పత్రాలు లేనివాళ్లు దొంగతనం, షాప్‌లిఫ్టింగ్, పోలీసుపై దాడి లాంటి కేసుల్లో చిక్కితే నిర్బంధం తప్పనిసరి, బాండ్ ఉండదు. శిక్ష పడనక్కర్లేదు, అరెస్టు చాలు. ప్రభుత్వం పెరోల్ పరిమితులు మీరిందని, 100 డాలర్లు దాటిన నష్టం చూపి రాష్ట్రాల అటార్నీ జనరల్స్ కేంద్రంపై దావా కూడా వేయొచ్చు. తప్పుడు అరెస్టయినా మనిషి లోపలే ఉంటాడు కాబట్టి నా లెక్కలో మూడింటిలో ఇదే ప్రమాదకరం.

నా ఓటు మొదటిదానికే, మరమ్మతులతో: శిక్ష పడిన తీవ్ర నేరాలకు స్పష్టమైన నిషేధం, దొరికే దేశాల నుంచి పోలీసు సర్టిఫికెట్, గడువు ముగియకముందే మళ్లీ తనిఖీ, ఏటా కాంగ్రెస్‌కు లెక్కలు.

ఇక గ్రీన్‌కార్డు కోసం ఐ-485 వేసి ఎదురుచూస్తున్న మన తెలుగు కుటుంబాలు. వీళ్లు ఇండియా వెళ్లొచ్చే అడ్వాన్స్ పెరోల్‌ కూడా 212(డి)(5) కిందిదే. 2025 జూలై చట్టం పెట్టిన 1,000 డాలర్ల పెరోల్ ఫీజు నుంచి వీళ్లకు మినహాయింపు ఉంది. మూడో దారి దెబ్బ మాత్రం తగలొచ్చు. హెచ్-1బీ స్టాంపుతో దిగితే అడ్మిషన్, అంటే చట్టం లెక్కలోనూ గడప దాటినట్టు. అడ్వాన్స్ పెరోల్‌తో దిగితే ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) మీద, పెరోల్‌తో వచ్చారనే గుర్తుగా 'డీఏ' అని పడుతుంది; అప్పుడు వీసా లేని మనిషిగా లెక్కగట్టే ఆస్కారం ఉంది. స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర ఒక వస్తువు స్కాన్ కాక అరెస్టయినా, ఆ తేడాతో బయట ఉండాల్సినవాళ్లు నిర్బంధంలోకి వెళ్లొచ్చు.

అందుకే స్టాంపు చెల్లుబాటులో ఉంటే ఎయిర్‌పోర్టులో అదే చూపించండి, అడ్వాన్స్ పెరోల్ కాగితం బ్యాగులో ఉంచుకోండి. దిగిన రోజే ఐ-94 ఆన్‌లైన్‌లో చూసుకోండి. 'డీఏ' అని ఉంటే, అదే కంపెనీలో హెచ్-1బీ ఎక్స్‌టెన్షన్ ఆమోదం పొందితే పెరోల్ పోయి హెచ్-1బీ హోదా తిరిగొస్తుంది. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ హోదా) వదిలేసి ఈఏడీ (వర్క్ పర్మిట్) మీదే పనిచేస్తున్న భార్యకో భర్తకో మాత్రం అడ్వాన్స్ పెరోలే దిక్కు. అది చేతికి రాకముందే వాళ్లు దేశం దాటితే ఐ-485ను వదులుకున్నట్టే లెక్క.